అరువొచ్చిన గడప

"అమ్మా, చెయ్యి తియ్యండి. అది ముట్టుకోకూడదు."

మణిశంకర్ గొంతు వినేసరికి ఆవిడ ఉలిక్కిపడింది. చేతిలోని పొట్లం జారి పసుపంతా హాలు గచ్చు మీద ఒలికింది.

రాజమండ్రిలోని ఆ ప్రైవేటు ఆసుపత్రికి మణిశంకర్ మేనేజరు. మనిషి చెడ్డవాడేం కాదు. కాకపోతే గోడ మీద మరక కనబడితే ఆ పూట అన్నం సహించదు.

ఆవిడ ముట్టుకున్నది ఒక గడప. నిజం గడపే. పాత టేకు గడపను నడుమెత్తున గోడకు బిగించి, పైన చిన్న లైటు పెట్టారు. పక్కన బోర్డు: 'గడప. టేకు, పసుపు, కుంకుమ. కళాకారుడు: సుధాకర్.'

ఆసుపత్రులకీ, బళ్లకీ, ఆఫీసులకీ కళాకృతులను కొన్నాళ్లు అరువిచ్చే సంస్థ ఒకటి దాన్ని తెచ్చి పెట్టింది. పెట్టిన రోజు ఆ సంస్థ అమ్మాయి ఆశాజ్యోతి ఏవో జాగ్రత్తలు చెబుతుంటే, మణిశంకర్ ఫోను మాట్లాడుతూనే తల ఊపాడు. అతనికి బుర్రకెక్కింది ఒక్కటే. పరాయి సొత్తు, గీత పడకుండా తిరిగి అప్పజెప్పాలి.

"శుక్రవారం కదండీ," అందావిడ. "కాస్త పసుపు రాసి బొట్టు పెడదామని."

"గుడి అనుకున్నారేంటండి? ఇది ఆర్టు. వేరేవాళ్లది."

"అడిగే వచ్చానండి. రాసుకోమన్నారు."

"ఎవరు?"

"సుధాకర్ బాబు."

బోర్డు మీద పేరు చదివి చెబుతోందనుకున్నాడు మణిశంకర్.

"బాగానే చదివారు," అని, ఆయాను పిలిచి స్పిరిటు పెట్టి తుడిపించాడు.

కొత్త పసుపుతో పాటు ఏళ్ల తరబడి పేరుకున్న పాత పసుపు కూడా దూదికి అంటుకుని వచ్చేసింది. చెక్క అసలు రంగు బయటపడింది. మణిశంకర్‌కి ముచ్చటేసింది.

ఆవిడ ఆ దూది ఉండల వంకే చూస్తూ నిలబడింది.

"అవి పారేస్తారాండి?"

"మరేం చేస్తామమ్మా?"

మధ్యాహ్నం నర్సు నూకరత్నం సంగతి చెప్పింది.

"ఆవిడ బుల్లెమ్మ గారని, ఐసీయూలో ఉన్న పెద్దాయన భార్య సార్. పోలవరం ముంపు ఊరివాళ్లు. ఇప్పుడు కాలనీలో ఉంటున్నారు. అందరూ కాకినాడ తీసుకెళ్లమన్నా వినకుండా ఈవిడే పట్టుబట్టి ఇక్కడికి తెచ్చిందంట."

"ఎందుకంట?"

"అడిగితే నవ్వి ఊరుకుంది సార్."

మన ఆసుపత్రి పేరు అక్కడి దాకా పాకిందన్నమాట, అనుకున్నాడు మణిశంకర్. కాస్త గర్వం కూడా కలిగింది.

మరుసటి శుక్రవారం పెద్దాయన గుండెకి ఆపరేషన్. పొద్దున్నే బుల్లెమ్మ తలస్నానం చేసి వచ్చి మేనేజరు గది ముందు నిలబడింది.

"బాబూ, ఈ ఒక్కసారి రాయనివ్వండి. ఆయన్ని లోపలికి తీసుకెళ్లేలోగా రాసేస్తాను. గడప అలా బోసిగా ఉంటే నా ప్రాణం ఊరుకోవట్లేదు."

"ఇవాళ తనిఖీకి వస్తున్నారమ్మా. రేపు చూద్దాం."

"శుక్రవారమే రాయాలండి."

"నన్నేం చెయ్యమంటారు చెప్పండి? మాదైతే రాసుకోమనేవాణ్ణి. దాని అసలువాళ్లు ఒప్పుకోవాలి కదా."

ఆవిడ తలెత్తి అతన్ని చూసింది. ఏదో చెప్పబోయింది.

"అమ్మా, తీసుకెళ్తున్నారు, త్వరగా రండి," అని లిఫ్టు దగ్గర నుంచి నూకరత్నం కేకేసింది.

బుల్లెమ్మ పొట్లం బొడ్లో దోపుకుని పరుగెత్తింది.

డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు. పెద్దాయన బల్ల మీద నుంచి లేవలేదు.

సాయంత్రం అంబులెన్సు వచ్చి ఆగింది. పసుపుకీ గుండెకీ సంబంధం లేదని మణిశంకర్‌కి తెలుసు. తెలిసినా గదిలో కూర్చోలేకపోయాడు. హాల్లోకొచ్చి ఆవిడకి ఎదురుగా నిలబడ్డాడు.

"బుల్లెమ్మ గారూ, పొద్దు ఇంకా గుంకలేదు. రాసుకోండమ్మా. ఎవరేమన్నా నేను చెప్పుకుంటాను."

ఆవిడ గడప వైపు చూసింది. బొడ్లోంచి పొట్లం తీసి అతని చేతిలో పెట్టింది.

"ఇంక నా చేత్తో పెట్టకూడదు బాబూ."

అంబులెన్సు ఎక్కి వెళ్లిపోయింది.

గడువు తీరాక ఆశాజ్యోతి వ్యాను తీసుకుని వచ్చింది. గడపను అక్కడి నుంచి మండపేటలో ఒక బడికి తరలించాలి. లైటు కింద దాన్ని చూసి ఆగిపోయింది.

"పసుపేదండి?"

"శుభ్రం చేయించామండి. ఎవరో పూసేస్తుంటే... ఎక్కడా గీత మాత్రం పడనివ్వలేదు."

"పాత పసుపు కూడా తీసేశారా? ఆ ఇంటావిడ అత్తగారు రాసింది, ఆ అత్తగారి అత్తగారు రాసింది, అదంతానా?" ఆ అమ్మాయి అక్కడే బెంచీ మీద కూలబడింది. "శుక్రవారం సంగతి ఆ రోజు చెప్పాను కదండీ. తల కూడా ఊపారు."

మణిశంకర్ దగ్గరికి జరిగాడు.

"ఫోనులో ఉన్నాను. ఏం చెప్పారండి?"

"ఊరు మునిగే ముందు సుధాకర్ గారు కొంటానంటే, గడపను అమ్మకూడదు, కొన్నాళ్లు ఉంచుకోమని ఇస్తానన్నారండి ఆవిడ. కొత్త కాలనీ ఇంటికి ఇది పట్టలేదు. ఎక్కడ పెట్టినా శుక్రవారం తను వచ్చి పసుపు రాసుకోవడానికి అడ్డు చెప్పకూడదని, అదొక్కటే అడిగారు."

మణిశంకర్ చెయ్యి జేబులోకి పోయింది. పొట్లం ఇంకా అందులోనే ఉంది.

"అయితే ఇది మీ సంస్థది కాదాండి?"

"మాదెక్కడిదండి?" అంది ఆశాజ్యోతి. "మీకూ మాకూ కూడా దీన్ని అరువిచ్చింది బుల్లెమ్మ గారేనండి."