వారం ఆగాల్సిన కేకు

“డాక్టరు నిన్ను పక్కకు పిలిచి ఏం చెప్పాడు?” వంటింట్లో దుప్పటి కప్పుకుని కూర్చున్న క్లిఫర్డ్ భార్యని అడిగాడు.

“వేళకి మందులు వేసుకోమన్నాడు,” అంది ఐవీ, అటు తిరిగే. ఓట్స్ పిండిలోకి ట్రీకిల్ పాకం వంచుతోంది. తారులా నల్లగా ఉన్న పాకం ఓ పట్టాన జారడం లేదు.

“పెళ్లయిన కొత్తలో దీని బదులు తేనె రంగు పాకం పోసి, మా అమ్మచేత చీవాట్లు తిన్నావు, గుర్తుందా?”

“మా లండన్‌లో మనుషులు తినేది పోశాను. ఈ చేదు బురద మీ యార్క్‌షైర్ వాళ్లకే ముద్దు.”

అలా అన్న ఐవీయే తర్వాత అత్తగారిని మించిపోయింది. ఏటా చేసే ఈ పార్కిన్ కేకును డబ్బాలో పెట్టి మూత బిగించిందంటే, పాకం ఊరి మెత్తబడేదాకా వారం రోజులు ఎవరినీ ముట్టనివ్వదు. ప్రతిసారీ వాసనకి ఆగలేక క్లిఫర్డ్ చెయ్యి చాపడం, “ఊరకముందే తింటే ఏం బాగుంటుంది” అంటూ ఐవీ చెక్క గరిటెతో ఒక్కటివ్వడం మామూలే.

కేకు ఓవెన్‌లోంచి బయటికొచ్చింది. క్లిఫర్డ్ అలవాటుగా చెయ్యి చాపాడు.

గరిటె లేవలేదు. ఐవీ పొగలు కక్కుతున్న కేకుని కోసి, పెద్ద ముక్క పళ్లెంలో పెట్టి అతని ఒళ్లో ఉంచింది.

“తిను.”

క్లిఫర్డ్ పళ్లెం వంక చూశాడు. తర్వాత ఆమె వంక చూశాడు.

“వారం కూడా కష్టమన్నాడా, పిల్లా?”

ఐవీ పాకం డబ్బాకి మూత పెట్టబోయింది. అది ఎంతకీ పడలేదు.

అతను ముక్క తుంచి నోట్లో వేసుకుని చాలాసేపు నమిలాడు.

“ఇన్నాళ్లూ నువ్వు చెప్పింది నిజమేనే. ఇవాళే తింటే ఏం బాగోలేదు.”