కల్నల్ పంపిన మూడో చీటీ

"చేతిలో చెయ్యేసినందుకు మేనల్లుణ్ణి ఉరికి అప్పగిస్తావా జెత్రో?" పక్క సీట్లోంచి లెమ్యుయెల్ పళ్లు బిగించి గొణిగాడు.

జెత్రో విక్‌హమ్ తన పేరు కోసం చెవి ఒగ్గి కూర్చున్నాడు. ఇండియానా సెనేట్‌లో ఉరిశిక్ష రద్దు బిల్లుపై ఓటు వేయడానికి పేర్లు పిలుస్తున్నారు. అది నెగ్గితే శుక్రవారం ఉరికంబం ఎక్కాల్సిన మేనల్లుడు ఆరిన్ బతుకుతాడు. నెగ్గడానికి ఒక్క ఓటు తక్కువ. ఆ ఓటు జెత్రోది.

మంచాన పడ్డ సాటి సెనేటర్ కల్నల్ స్ట్రోడ్ మొన్న అతణ్ణి పిలిపించాడు. ఉరి ఉండి తీరాలనే ముసలాయన. "నేను రాలేను. నువ్వూ ఓటెయ్యకు. చెల్లుకు చెల్లు" అన్నాడు. ఎదుటి పక్షంవాడు రాలేకపోతే ఇవతలివాడూ ఓటు మానుకోవడం సభలో పాత ఆనవాయితీ. కాగితం ఉండదు, చెయ్యి కలిపితే చాలు. బిల్లు సులువుగా నెగ్గేలా ఉండటంతో జెత్రో నవ్వుతూ చెయ్యి కలిపాడు. ఆరిన్ సంగతి ఆయనకు చెప్పలేదు. నిన్న ఇద్దరు ప్లేటు ఫిరాయించారు.

"ఆ ఖైదీ నీ చెల్లెలి కొడుకని ఇవాళ పత్రికలో వేసేశారు. నువ్వు ఓటేస్తే ఎవడు తప్పుపడతాడు?" అన్నాడు లెమ్యుయెల్.

"కల్నల్ పడతాడు."

"ఆ చాదస్తపు ముసలాడా! పట్టనీ!"

ద్వారం దగ్గరి బంట్రోతు వచ్చి చీటీ ఇచ్చాడు. పైన కల్నల్ దస్తూరీ. నిన్న పొద్దున ఒకటి వచ్చింది, సాయంత్రం ఇంకొకటి. రెండింటిలోనూ ఒకటే మాట: "గుర్తుందిగా?" ఇది మూడోది. ఇరవయ్యేళ్లుగా ఎరిగిన మనిషికి తన మీద ఇంత అపనమ్మకమా! జెత్రో దాన్ని విప్పకుండానే కోటు జేబులో కుక్కాడు.

"విక్‌హమ్!"

లేచాడు.

"కల్నల్ స్ట్రోడ్‌కు మాటిచ్చాను, ఓటెయ్యను. ఆయన ఉంటే కాదనేవారు. నేను... ఔననేవాణ్ణి."

బిల్లు వీగిపోయింది.

తిన్నగా కల్నల్ బసకు నడిచాడు జెత్రో. ఆ చీటీ ఆయన మొహాన కొట్టాలని ఉంది. ముసలాయన దిండ్లకు ఆనుకుని, ఒళ్లో ఇవాళ్టి పత్రికతో, తలుపు వైపే చూస్తున్నాడు.

"నా మాట నిలబెట్టుకున్నాను కల్నల్ గారూ. ఇక హాయిగా నిద్రపోండి."

కల్నల్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"చీటీ... అందలేదా?"

జెత్రో జేబులోంచి తీసి విప్పాడు.

"నువ్విచ్చిన మాట నీకు తిరిగిచ్చేశాను, ఓటేసి కుర్రాణ్ణి బతికించుకో."