వాడంతా ఒకే వాన

మగ్గాల వాడలో ఇప్పుడు ఎవరింట్లోనూ కంప్యూటర్ లేదు. వాడకంతటికీ ఉన్న ఒక్క సర్వరే ఇంటింటి గోడమీదా బొమ్మ గీస్తుంది. దాన్ని చూసుకునేది ఆండాలు.

ఆ పొద్దున నేతగాడు భిక్షపతి ఫోనులో మొత్తుకున్నాడు. "గోడమీద చీర డిజైను అలుక్కపోయిందక్కా! పగటాల్లకల్లా రంగు అంటకుండ నూలుకు చిటికి ముడులు కట్టకుంటే ఆర్డరు పోతది!"

ఆండాలు వెతికింది. వాన మొహం చూడని వాడ కదా, నలభై ఇళ్లవాళ్లూ గోడలమీద ఎవరి వాన బొమ్మ వాళ్లు పెట్టుకున్నారు. అన్ని వానలు గీయలేక సర్వర్ చతికిలబడింది. వానలు ఆపేస్తే వాడంతా ఆమె మీదపడుతుంది.

ఆమె సెట్టింగు మార్చింది. వానను ఒక్కసారే గీసి నలభై గోడలకూ పంచమంది.

"పోగు పోగూ కనవడుతున్నదక్కా!" భిక్షపతి కేక.

అంతలో నలభై గోడల్లోనూ ఒకే ఉరుము ఒక్కసారే ఉరిమింది. బయట తలుపులు తెరుచుకున్నాయి. ఏళ్ల తర్వాత ఇంటికీ ఇంటికీ మధ్య వానలు పడే రోజులనాటి పాత ప్రశ్న వినిపించింది.

"మీ దిక్కు గూడ పడుతున్నదా?"