లెక్కకు రాని డేగలు

బాల్జాన్ అపా పోసిన టీ చల్లారిపోతోంది. యెర్సాయిన్ గిన్నె ముట్టుకోలేదు. ఆమె ముఖంలోకి చూసే ధైర్యం లేక, తిరిగి ఇవ్వడానికి తెచ్చిన నలభై ఒక్క నోటుపుస్తకాల వంకే చూస్తున్నాడు.

నెల కిందట జిల్లా కేంద్రంలో జరిగిన విచారణలో ఈ ముసలామె పరువు తీసింది అతనే.

అక్‌సోర్ తీరాన్ని సోవియట్ల కాలంలో పక్షుల అభయారణ్యం చేసింది తెల్లతోక డేగ కోసం. కాస్పియన్ సముద్రం గడ్డకట్టగానే అవి ఇక్కడికి దిగుతాయని అప్పటి శాస్త్రవేత్తలు రాసిపెట్టారు. కాపలాకీ, లెక్కకీ చేపలు పట్టే ఇంటి కోడలు బాల్జాన్‌ను పెట్టారు. ఆ దేశం పోయి ఈ దేశం వచ్చినా ఆమె ఒక్క చలికాలం మానకుండా, ఏడాదికో నోటుపుస్తకం చొప్పున లెక్క రాసింది. బాతులు, హంసలు, కొంగలు, ఏ పిట్టనూ వదల్లేదు.

ఇప్పుడు అక్కడ ఓడరేవు కడతామంటున్నారు. డేగలు నిజంగా వస్తున్నాయో లేదో తేల్చే పని అల్మాటీ నగరంలో పుట్టి పెరిగిన అధికారి యెర్సాయిన్ మీద పడింది. అతను ఎండాకాలంలో వచ్చి, నోటుపుస్తకాలు పట్టుకుపోయి, ఆఫీసులో కూర్చుని చదివాడు. డేగ అన్న మాట ఒక్కచోటా లేదు. ఉన్నదల్లా పెద్దాయన గోల. పెద్దాయన ఈ ఏడు ఆలస్యంగా వచ్చారు. పెద్దాయన గట్టు మీద కూర్చుని చేప తిన్నారు. పెద్దాయన ఈసారి జంటగా వచ్చారు. ఇక్కడి కోడళ్ళు 'పెద్దాయన' అన్నారంటే మామగారేనని అతని జీపు డ్రైవరు చెప్పాడు.

విచారణలో అధ్యక్షుడు, డేగల్ని చూశారా లేదా అని ఆమెను సూటిగా అడిగాడు.

"పెద్దాయన ఏటా వస్తూనే ఉన్నారు కదా," అంది బాల్జాన్.

హాలంతా గొల్లుమంది. యెర్సాయిన్ కూడా నవ్వాడు. నవ్వి ఊరుకోకుండా, పక్షులు లెక్కపెట్టమంటే ఈవిడ మామగారి రాకపోకలు లెక్కపెట్టిందని మైకులో అన్నాడు. ఆమె తల వంచుకుని కూర్చుండిపోయింది. అభయారణ్యం ఎత్తేయడానికి ఆ మాట సరిపోయింది.

తీరా మొన్న, హద్దురాళ్ళు పీకించడానికి వచ్చినప్పుడు, మంచు మీద పదకొండు తెల్లతోక డేగలు కనిపించాయి. యెర్సాయిన్‌కి తల కొట్టేసినట్టయింది. వెంటనే పై కమిటీకి ఫోన్ చేశాడు. ఈ ఏడు దారి తప్పి వచ్చుంటాయి, ఏటా వస్తున్నట్టు రాతలో ఎక్కడైనా ఉందా అని వాళ్ళు అడిగారు. శుక్రవారం లోపల చూపిస్తే అభయారణ్యాన్ని ఉండనిస్తామన్నారు. చూపించడానికి ఏముంది?

"తప్పు నాదే అపా," అన్నాడు చివరికి. "ఒక్క చలికాలం వచ్చి చూసుంటే సరిపోయేది. మిమ్మల్ని నలుగురిలో నవ్వులపాలు చేశాను. మీ మామగారినీ వెటకారం చేశాను. ఆయన దగ్గరికి తీసుకెళ్ళండి, ఆయన్ని కూడా క్షమించమని అడగాలి."

బాల్జాన్ అతన్ని వింతగా చూసింది.

"ఆయన పోయి యాభై ఏళ్ళయింది నాయనా."

ఎప్పుడో పోయిన మనిషి ఏటా వచ్చి చేప తినడమేమిటి? ముసలామెకు మతి చలించిందేమో అనుకున్నాడు యెర్సాయిన్. అలా అనుకున్నందుకు మళ్ళీ సిగ్గుపడ్డాడు. మాట మార్చడానికి, ఆయన పేరేమిటని అడిగాడు.

"బాగుందయ్యా, కోడలి నోటితో మామగారి పేరు అనిపిస్తావా? నేను అననూ అనను, రాయనూ రాయను. పట్నంలో మీ అమ్మ ఇవేవీ నేర్పలేదా?" అంటూ ఆమె తలగుడ్డ సర్దుకుని లేచింది. "రా, నువ్వే చదువుకో."

ఇంటి వెనక దిబ్బ మీద ఒకే ఒక సమాధి ఉంది. సముద్రపు గాలి ఎముకలు కొరుకుతోంది. బాల్జాన్ రాయి చూపించి, నాలుగడుగుల దూరంలో ఆగిపోయింది.

యెర్సాయిన్ వంగి, రాతి మీది ఇసుక చేత్తో తుడిచి, పెద్దాయన పేరు చదివాడు: బుర్కిత్, అంటే డేగ.