గులాబీ కింద పేరు

మారనివాళ్లు దేశం వదిలి పోవాలన్న రాజాజ్ఞకి లొంగి, లూథర్ మతం వదిలి కేథలిక్కుగా మారతానని కిలియాన్ సంతకం పెట్టిన రోజే, కూతురు యుస్తీనా మూట కట్టుకుంది.

"గాజు కొలిమి వదిలేసి ఏం తిని బతుకుతామే, పిచ్చిదానా?"

"నువ్వు బతుకు నాన్నా," అంది. బొహీమియా కొండలు దాటి, లూథర్ మతస్థుల దేశమైన శాక్సనీకి వెళ్లిపోయింది.

ఆరేళ్ల తర్వాత జమీందారు గుమాస్తా కిలియాన్ కొలిమికి వచ్చాడు. "శాక్సనీవాళ్లకి పెళ్లి గ్లాసు కావాలట. దాని మీద వాళ్ల మతం గుర్తు, లూథర్ గులాబీ వేయాలి. ఎర్ర గుండె, నల్ల శిలువ, అన్నీ ఉండాలి."

"అది గీస్తే జైలన్నారు కదయ్యా?"

"మనం అందులో తాగితే పాపం. వాళ్లకి అమ్మితే వ్యాపారం. నీలా గీసేవాడు ఇంకెవడున్నాడు?"

చాలా రోజుల తర్వాత కిలియాన్ మనసారా నవ్వాడు. మూడు రోజులు కూర్చుని, ఒక్కో రేకూ ప్రాణం పెట్టి గీశాడు.

"కింద పేర్లేం రాయమంటారు?"

గుమాస్తా చీటీ చేతికిచ్చాడు. కిలియాన్ కూడబలుక్కుని చదివాడు.

"వధువు యుస్తీనా. గాజు చిత్రకారుడు కీర్తిశేషుడు కిలియాన్ కుమార్తె."

చీటీ మడిచి పక్కన పెట్టాడు. కుంచె రంగులో ముంచి, 'కీర్తిశేషుడు' అన్న మాటను మిగతా అన్నిటికంటే అందంగా రాశాడు.