బాలస్వామి తొందర

"అమ్మగారండీ, సంతకం పెట్టారాండీ?"

భుజం మీది కావిడి దించకుండానే అడిగాడు బాలస్వామి. లక్ష్మీకాంతానికి చిర్రెత్తుకొచ్చింది. వారం నుంచీ ఇదే పాట.

కొల్లేటి అంచున ఊరు. బోరు వేస్తే ఉప్పునీళ్ళు. చుట్టూ రొయ్యల చెరువులు. ఊరవతలి మంచినీళ్ళ చెరువు నుంచి బాలస్వామి మోసుకొస్తేనే ఆ వీధిలో అన్నం ఉడికేది. ఆవిడ కాపురానికొచ్చిన నాటి నుంచీ అతనే. వరదొచ్చిన ఏడు నడుంలోతు నీళ్ళలో దోనె తోసుకుంటూ వచ్చి మరీ బిందె నింపాడు.

ఇప్పుడు ప్రభుత్వం కొత్త పథకం పెట్టింది. డాబా మీద పడే వాననీళ్ళు పట్టుకోవడానికి ట్యాంకు కట్టుకుంటే సగం ఖర్చు ఇస్తుంది. దరఖాస్తులకు నెలాఖరు గడువు. వీధి మొత్తం మీద దాన్ని పట్టించుకున్నవాడు ఒక్క బాలస్వామే.

"ఇంటింటికీ ట్యాంకొస్తే నీ కావిడి ఎవడిక్కావాలయ్యా? నీ పొట్ట నువ్వే కొట్టుకుంటావా?"

"నా పొట్టకేముందిలెండి. వానలు పడేలోగా కట్టించేసుకోండమ్మా. మళ్ళీ ఇస్తారో ఇవ్వరో."

"మేస్త్రీ ఎంతిస్తానన్నాడేంటి కమీషను?"

బాలస్వామి నవ్వేసి, బిందె నింపి వెళ్ళిపోయాడు.

ఆ మాట ఆవిడ పక్కింటి పుష్పలత చెవిలో వేసింది. సాయంత్రానికి వీధంతా పాకింది. మర్నాటి నుంచి కావిడి కనిపిస్తే చాలు, "కమీషను బాలస్వామి వస్తున్నాడొహో!" అని అరుగుల మీద నవ్వులు.

అతనూ నవ్వేవాడు. నవ్వుతూనే గడపగడపా తిరిగి సంతకాలు పెట్టించాడు. ఇంజనీరు రావడం ఆలస్యమైతే కైకలూరు వెళ్ళి, కాళ్ళావేళ్ళా పడి తీసుకొచ్చాడు. కట్టేటప్పుడు ఇటుకలందించాడు. మధ్యమధ్య గోడకానుకుని కూలబడేవాడు. కూలి ఇవ్వబోతే మాత్రం వద్దన్నాడు.

"ఊరికే చేస్తాడా? అవతల గట్టిగానే ముట్టుంటుంది. ఆ కూర్చోవడం చూడు, ఇప్పుడే బద్ధకమొచ్చేసింది" అంది లక్ష్మీకాంతం.

ఆఖరి ట్యాంకుకి మూత పడిన మర్నాటి నుంచి బాలస్వామి రాలేదు.

"చూశావా పుష్పా, పనైపోయింది, మొహం చాటేశాడు."

తొలకరి రెండు వానలకు డాబా కడుక్కున్నారు. మూడో వానకు ట్యాంకు నిండి పొర్లింది. లక్ష్మీకాంతం గ్లాసుతో పట్టుకుని తాగి చూసింది. తియ్యగా ఉన్నాయి.

తలెత్తేసరికి గుమ్మం ముందు, నెత్తిన గోనెసంచి కప్పుకుని రూతమ్మ. బాలస్వామి భార్య.

"ట్యాంకు నిండిందాండీ అమ్మగారూ? మా ఆయన చూసి రమ్మన్నారండీ."

"ఏం, నిండితేగానీ మిగతా కమీషను ఇవ్వనన్నాడా మేస్త్రీ?"

రూతమ్మకి ఆ మాట కొత్త. అర్థం కానట్టు ఆవిడ మొహంలోకి చూసింది.

"కమీషనేంటండీ... ఈ వానాకాలం దాటరని ఏలూరు డాక్టరుగారు ఎండల్లోనే చెప్పేశారు కదండీ, తను పోతే మీ అందరికీ నీళ్ళెవరు మోస్తారని అదొక్కటే బెంగండీ ఆయనకి."