పొట్టిబడ్డ అడవి

"ఒట్టక్కా! నా బీట్‌లో గొడ్డలి చప్పుడే వినలేదు."

ఫోన్లో తమ్ముడు ఒట్టేస్తున్నాడు. వాడు కాపలా కాసే కొండ అడవే అక్క కంప్యూటర్ తెర మీద ఉంది. ఉపగ్రహం మీది రాడార్ లెక్క ప్రకారం నిరుటి నుంచి ఇప్పటికి అక్కడి చెట్లు సగటున నాలుగు మీటర్లు పొట్టిబడ్డాయి. వంగిపోవడానికి చెట్లేమైనా ముసలాళ్ళా? పెద్దవాటిని కొట్టేస్తే తప్ప అలా జరగదు.

"మరి రాడార్ అబద్ధమాడుతుందట్రా?"

"ఏమో! నాకు మతిపోతోంది. గుడిసె తలుపు బిగుసుకుపోతోంది. బల్ల మీద పెట్టిన గ్లాసు దానంతటదే దొర్లి పడుతోంది. కిందనుంచి మూలుగులు! ఈ కొండ కింది పాత గనిలో పోయినవాళ్ళు లేచారని పనివాళ్ళందరూ పారిపోయారు."

"దొంగలకు దారిచ్చి దయ్యాల మీదకి నెడతావా?"

అనేసి నాలుక కరుచుకుంది.

"అమ్మ పోయాక నన్ను పెంచింది నువ్వు. నువ్వే నమ్మకపోతే ఇంకేం చెప్పను? రేపు కొలిచేవాళ్ళని పంపు. వాళ్ళు గుడిసెకొచ్చేదాకా ఇక్కడినుంచి కదలను. కదిలితే దొంగ పారిపోయాడంటారు."

ఫోన్ పెట్టేశాడు. వెనకనుంచి పెద్దసారు దగ్గారు.

"సొంత తమ్ముడని లెక్క మార్చవు కదమ్మా?"

"మార్చడానికేముంది సార్? రాడార్ చెప్పేది చెట్ల తలల మట్టం. అందులోంచి పాత పటంలో ఉన్న నేల మట్టం తీసేస్తే మిగిలేదే చెట్టు ఎత్తు. చిన్నపిల్లల తీసివేత."

పౌరుషానికి పోయి అప్పటికప్పుడే రిపోర్టు పంపేసింది. ఆ పూట ముద్ద దిగలేదు.

మర్నాడు మధ్యాహ్నం సర్వేయరు ఫోన్ చేశాడు. మనిషి పొడుగు చూసి ఆఫీసంతా నిచ్చెన అని పిలుస్తారు.

"అమ్మా, అడవిలో ఒక్క మోడు లేదు! నిరుడు కొలిచిన చెట్లే మళ్ళీ కొలిచాం. ప్రతిదీ జానెడు పెరిగిందే తప్ప తగ్గలేదు. మీ తమ్ముడు నిప్పండీ."

"గుడిసెలో ఉన్నాడా? ఒక్కసారి ఫోనివ్వండి."

"ఇంకా పైకి వెళ్ళలేదు. మధ్యలో దారి తెగిపోయింది, చుట్టూ తిరిగి వెళ్ళాలి."

అక్కకి ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి. బంగారంలాంటి పిల్లాణ్ణి చేజేతులా దొంగని చేసింది! కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటుంది. తమ్ముడికి ఫోన్ చేసింది. తియ్యలేదు. అలిగాడు, మొండి వెధవ. మళ్ళీ చేసింది. మళ్ళీ.

రింగవుతూనే ఉంది. తెర మీద అడవి అలాగే ఉంది. రాడార్ లెక్క తప్పు కాదు, మూడుసార్లు సరిచూసింది. చెట్లూ తగ్గలేదు. మరి వాటి తలలు నాలుగు మీటర్లు కిందకెలా వచ్చాయి?

నేల కుంగుతోంది.